సీరియల్ వెనక పోయిన కథలు

మా ఇంటికి వచ్చేసరికి వారపత్రికకు నడుం విరిగి ఉండేది. మధ్యలో పేజీలు ఉండేవి కావు. పిన్నులు ఊడిపోయి, అట్ట ఒక పక్కకు వేలాడుతూ ఉండేది. అమ్మ దాన్ని చంకలో ఇరికించుకుని బజారు నుంచి వస్తుంటే నాకు చేతులు ఆగేవి కావు. తడి చేతులు పావడాకు తుడుచుకుని లాక్కునేదాన్ని.

ఆళ్లగడ్డ బజారులో ఒక శెట్టిగారింట్లో అమ్మ బోకులు తోమి, ఇల్లు ఊడ్చేది. ఆ ఇంటి శెట్టమ్మకు సీరియళ్ళంటే ప్రాణం. పత్రిక రాగానే సీరియల్ చదివేసి, ఆ పేజీలను బ్లేడుతో నున్నగా కోసి, బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చేది. సీరియల్ అయిపోయాక ఆ కట్టను నంద్యాలకు పంపి గట్టి అట్టతో బైండు చేయించేది. ఆ రోజుల్లో చదివే అలవాటున్న ఇళ్ళన్నింట్లో ఈ పని జరిగేది. పెళ్ళికి వెళ్ళినా, పురిటికి వెళ్ళినా ఆడవాళ్ళు అడిగే మొదటి మాట "మీ దగ్గర ఏ బైండు ఉంది?" అని.

సీరియల్ పోగా మిగిలింది మాకు. వంటలు, జోకులు, రాశిఫలాలు, చిన్న కథలు. కథలను ఎవరూ బైండు చేయించరు. చదివి పడేస్తారు. అందుకే నాకు కథలంటే ఇష్టం ఏర్పడింది అనుకుంటా. శెట్టమ్మ వద్దనుకున్నవి కాబట్టి అవి పూర్తిగా మావి.

పూర్తిగా అంటే పూర్తిగా కాదు. కాగితానికి రెండు పక్కలుంటాయి కదా. కథ ఆఖరి ముక్క ఒక పక్క అచ్చయితే, దాని వెనక పక్క సీరియల్ మొదలయ్యేది. బ్లేడు సీరియల్ కోసం ఆ కాగితాన్ని కోస్తే, మా కథ తోక కూడా దాంతోపాటు బీరువాలోకి వెళ్ళిపోయేది. అన్ని కథలకూ ఇలా కాదు. కానీ బాగా ఏడిపించే కథకే ఇలా అవుతుందేమో అనిపించేది. "అతను తలుపు తీసి లోపలికి చూశాడు" అని ఉంటుంది. ఏం చూశాడో ఉండదు. తర్వాతి కాగితంలో వంకాయ కూర ఎలా చేయాలో ఉంటుంది.

నేను నంద్యాల హాస్టల్లో ఉండి ఎనిమిది దాకా చదివాను. తర్వాత చదువు ఆగిపోయి ఇంటికి వచ్చేశాను. మా ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అందుకే కథను నేను నోట్లో చదువుకుంటే ఎవరూ ఊరుకునేవాళ్ళు కాదు. మధ్యాహ్నాలు ఇంటి ముందు కూచుని కూలికి శనక్కాయలు వలిచేవాళ్ళం. నాకు వలిచే పని తప్పించి చదివే పని ఇచ్చేవాళ్ళు. అమ్మకు కథ వినడం ఇష్టమే కానీ, కథలు రాసేవాళ్ళ మీద మాత్రం కోపం.

"ఏ ఊరంట ఆమెది?" అనేది.

"ఊరు రాయలేదమ్మా."

"పిల్లలెంతమంది?"

"అదీ రాయలేదు."

"ఊరు చెప్పకుండా, పిల్లల్ని చెప్పకుండా కథేందీ? ఎవురింట్లోకో తోసి తలుపేసినట్టుండాది."

నిజానికి నాకు అదే బాగుండేది. ముందూ వెనకా చెప్పకుండా ఎవరి వంటింట్లోనో నన్ను నిలబెట్టేవాళ్ళు. పాలు పొంగుతుంటాయి, లోపల ఎవరో దగ్గుతుంటారు. రెండు పేరాలు చదివేసరికి ఆ ఇంటి వాసన తెలిసిపోయేది. హాస్టల్, ఆళ్లగడ్డ తప్ప ఏమీ చూడని నేను ఎన్ని ఇళ్ళలో తిరిగానో చెప్పలేను. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు, మేడ మీద అద్దెకుండేవాళ్ళు, కాఫీ తాగుతూ పోట్లాడుకునేవాళ్ళు.

తోక లేని కథలకు మేమే తోక పెట్టేవాళ్ళం. మా నాయన విగ్రహాలు చెక్కే కొట్టంలో రాళ్ళు నున్నగా అరగదీసే పని చేసేవాడు. క్రైస్తవుడై ఉండి విగ్రహాల పని చేస్తాడని మా పేటలో ఎగతాళి. "మీ నాయన దేవుళ్ళకు గడ్డం గీస్తాండాడా?" అనేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఏ కథకైనా ఆయన పెట్టే తోక ఒకటే. "ఇంకేముంది, అందరూ అన్నం తిని పండుకున్నారు." చచ్చిపోయినవాళ్ళు కూడా లేచి అన్నం తినేవాళ్ళు ఆయన కథలో.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే, ఆ ఏడు శనక్కాయల కాలంలో మా అక్క సంజామల నుంచి వచ్చేసింది. చెప్పులు లేకుండా బస్సు దిగి నడిచి వచ్చింది. మా బావ ట్రాక్టరు తోలేవాడు. తాగితే ఒక రకంగా, తాగకపోతే ఇంకో రకంగా కొట్టేవాడు. అప్పటికే ఒకసారి వచ్చి వెళ్ళింది. ఈసారి చెంప వాచి కన్ను సగం మూసుకుపోయి ఉంది. అమ్మ గోరువెచ్చని నీళ్ళతో కాపడం పెడుతూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కొన్నాళ్ళకు బావ వాళ్ళింటి నుంచి కబురు వచ్చింది. శనగ కోతలు మొదలయ్యేలోపు పంపకపోతే వాడికి వేరే పిల్లను చూస్తామని.

"చూసుకోనీ పో," అన్నాడు నాయన. "ఉండనీ బిడ్డని. ఇంత సంగటికి తక్కువైందా మనకు?"

"సంగటి గురించి కాదు," అంది అమ్మ. "సంఘంలో తల ఎత్తుకోని తిరగాల్నా వద్దా?"

"ఎత్తుకుంటే ఎత్తుకో, దించుకుంటే దించుకో. బిడ్డ మొగం చూడు ముందు."

అమ్మ అక్క మొహం చూసేది, చూసి లోపలికి వెళ్ళిపోయేది. పంపాలో వద్దో ఆమెకు తేలలేదు. ప్రభువు ఏదో ఒకటి చెప్పేదాకా చూద్దాం అనేది. కోతలు దగ్గర పడుతున్నాయి.

అక్క పొద్దంతా మాట్లాడకుండా పని చేసేది. కథ మొదలుపెడితే మాత్రం వచ్చి నా పక్కన కూచునేది. ఆమె మొహంలో కొంచెం కదలిక అప్పుడే కనిపించేది. అందుకని నేను గొంతులు మార్చి, మొగవాళ్ళ మాటలు మొగవాళ్ళలాగా, ముసలమ్మల మాటలు ముసలమ్మలలాగా చదివేదాన్ని. ఒకసారి నేను ఇంజనీరులాగా గొంతు పెడితే అక్క నవ్వింది. చెంప నొప్పి పుట్టి మళ్ళీ ఆపుకుంది.

ఆ కథ అలాంటి మధ్యాహ్నమే వచ్చింది. ఒకామె మొగుడి ఇల్లు వదిలి బయటికి వస్తుంది. ముందు చీరలు మడత పెట్టుకుంటుంది, పాత రేకు పెట్టె తీస్తుంది, పొయ్యి మీద పప్పు దించి మూత పెడుతుంది, తాళం ఎక్కడ పెట్టాలో తెలియక పూలకుండీ కింద పెడుతుంది. వానలో స్టేషన్‌కు నడుస్తుంది. టికెట్ కొనుక్కుని బల్ల మీద కూచుంటుంది. చేతి మీద గాజు గుచ్చుకున్న గాయం ఉంటుంది, దాన్ని కొంగుతో కప్పుకుంటుంది. అక్కడ ఎవరో ముసలాయన "ఏ ఊరమ్మా?" అంటే ఊరు పేరు నోటికి రాదు. రైలు కూత వినిపిస్తుంది. ఆమె లేచి నిలబడింది, పెట్టె చేతిలోకి తీసుకుంది, అప్పుడే—

అంతే. తర్వాత పేజీ లేదు.

"ఎక్కిందా లేదా?" అంది అక్క. మేమంతా ఉలిక్కిపడి చూశాం. ఇల్లు చేరాక ఆమె తనంత తాను అడిగిన మొదటి మాట అది.

"తెల్దక్కా. కోసేసినారు."

"ఎక్కింటాది," అంది అక్క. "పప్పుకు మూత పెట్టి వచ్చిందంటే మళ్ళా పోయేది కాదు."

"ఏంటికి పోదు? పప్పుకు మూత పెట్టిందే మళ్ళా పోదామని," అంది అమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. శనక్కాయలు మాత్రం గబగబా వలిచారు. ఆమె స్టేషన్‌లో ఆగిపోయింది. మా ఇంట్లో ఎవరికీ అన్నం సరిగా దిగలేదు. నాయన తన తోక పెట్టబోయి, అక్క మొహం చూసి మానుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం స్త్రీల కూటం మా ఇంట్లో జరిగేది. పాట, వాక్యం అయ్యాక ప్రార్థన అంశాలు చెప్పుకుంటారు. కొడుకుకు జ్వరమని ఒకరు, గేదె ఈనలేదని ఒకరు. మా అక్క సంగతి పేటంతా తెలిసినా అమ్మ ఎన్నడూ అంశంగా చెప్పలేదు. మిగతావాళ్ళూ అడగలేదు. అది మర్యాద. ఆ శుక్రవారం అమ్మ గొంతు సవరించుకుని, "ఒకామె ఉండాది. మొగుని బాధ పడలేక ఇల్లిడిచి వచ్చింది. టేసన్లో కూచోనుండాది. ఆమె కోసరం ప్రార్థన చేయండి," అంది.

నేను అమ్మ కొంగు లాగాను. "మ్మా, అది కథ. ఎవురో రాసిండేది."

"ఊరికే యాడన్నా రాస్తారా? యాడో జరిగింటాది. జరిగింటేనే రాస్తారు."

కూటానికి పెద్ద ఒక ముసలామె. పేటలో అందరికీ పెద్దమ్మే ఆమె. "తే పాప ఆ కాగితం," అంది. పత్రికలో బొమ్మ ఉంది. ఆ బొమ్మల్లో ఆడవాళ్ళంతా ఒకేలా ఉంటారు, పెద్ద కళ్ళు, సన్నటి నడుము. పెద్దమ్మ ఆ బొమ్మను దీపం దగ్గర పెట్టుకుని చూసి, "అయ్యో, ఎంత చక్కటి బిడ్డ! వాని చేతులు పడిపోను," అంది. తర్వాత బొమ్మ తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీ బిడ్డ వానలో తడిసి కూచోనుండాది. ఊరు పేరు కూడా చెప్పుకోలేకపోతాండాది. నువ్వు ఆ టేసనుకు దిగిరా తండ్రీ. ఏ దారి మంచిదో ఆ దారిన పెట్టు. మాకు తెలియజెయ్యి."

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కథ అని తెలిసి కూడా. అక్క గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది. పక్కింటామె ముక్కు తుడుచుకుంటూ అక్కను దాటుకునే చెంబుతో నీళ్ళు తాగడానికి వెళ్ళింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆమె కోసం ప్రార్థన జరిగింది. కుళాయి దగ్గర కనపడితే ఆడవాళ్ళు "ఏం పాపా, ఆమె సంగతి ఏమన్నా తెలిసెనా?" అని అడిగేవాళ్ళు. తెలిసినవాళ్ళ గురించి అడిగినట్టే. నాకు నవ్వొచ్చేది, కోపం కూడా వచ్చేది. అక్క గురించి ఒక్కరైనా అలా అడిగితే బాగుండేది.

ఒక రోజు ఇద్దరమే ఉన్నప్పుడు అక్క నన్ను అడిగింది.

"ఆ పేజీ యాడుంటాది ఇప్పుడు?"

"శెట్టమ్మ బీరువాలో ఉండె. సీరియల్ అయిపోయింది, నంద్యాలకు బైండుకు పోయిందంట."

"ఆమె గన్క రైలు ఎక్కిందంటే..." అని ఆగింది. "నాకూ ధైర్యం వస్తాది మే. అమ్మకు చెప్తా, నేను పోనని."

"ఎక్కకపోతే?"

"ఎక్కింటాదిలే," అంది.

అక్కకు అక్షరాలు రావు. అచ్చులో ఉన్నదంటే అది ఎక్కడో పెద్దవాళ్ళు తేల్చి చెప్పిన మాట అని ఆమెకు నమ్మకం. అమ్మకూ అంతే. ప్రభువు చెప్పే మాట అక్కడే ఉంది, బైండు కావడమే ఆలస్యం అన్నట్టు ఇద్దరూ ఎదురుచూశారు. ఒకరు ఎక్కాలని, ఒకరు ఎక్కకూడదని.

బైండు అయిందని కబురు రాగానే, శెట్టమ్మ తీసుకురమ్మని అమ్మను పంపింది. ఒక పూట మా ఇంట్లో ఉంచుకుని, మరుసటి రోజు ఇస్తామని అమ్మ ఒప్పించుకుంది. నేనూ అమ్మతో నంద్యాలకు వెళ్ళాను. బైండింగు అంగడి సందులో ఉంది, మైదా జిగురు వాసన. ఆయన పుస్తకాన్ని పాత పేపరులో చుట్టి, దారంతో కట్టి ఇచ్చాడు. బస్సులో అది నా ఒళ్ళో ఉంది. దారానికి ఒక చివర ఊడి ఉంది. లాగితే చాలు.

"విప్పాకు," అంది అమ్మ.

"ఊరికే ఒక్క పేజీ చూస్తా మా."

"అందరి ముందరా చూద్దాం. అంతమందిమి మోకాళ్ళ మీద పడి అడిగింటిమి. నువ్వొక్కదానివే ముందు తెలుసుకుంటే ఎట్ల?"

ఆళ్లగడ్డ వచ్చేదాకా అమ్మ ఒక చెయ్యి ఆ పుస్తకం మీదే పెట్టుకుని కూచుంది. కిటికీలోంచి శనగ చేలు కనిపించాయి. కొన్నిచోట్ల అప్పటికే ఆకు పసుపు తిరిగింది.

ఆ రోజు శుక్రవారమే. సాయంత్రం మా ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఎన్నడూ కూటానికి రానివాళ్ళు కూడా వచ్చారు. అక్క తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని నా పక్కనే కూచుంది. ప్రార్థన అయ్యాక పెద్దమ్మ "చదువు పాపా" అంది. నేను దారం విప్పాను. సీరియల్ పేజీల వెనక పక్కలు తిప్పుతూ పోయాను. ఎన్ని కథల తోకలు దొరికాయో! తలుపు తీసి చూసినాయన ఏం చూశాడో కూడా అందులో ఉంది. దేని దగ్గరా ఆగలేదు. రేకు పెట్టె అన్న మాట కనపడేదాకా తిప్పాను.

అది అర పేజీ కూడా లేదు.

అప్పుడే ఆమె మొగుడు తడిసి ముద్దయి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుకుంటూ వస్తాడు. ఆమె రెండు చేతులూ పట్టుకుంటాడు. నువ్వు లేని ఇల్లు ఇల్లు కాదు అంటాడు. ఆమె కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. ఆయన రేకు పెట్టె తన నెత్తిన పెట్టుకుంటాడు. రైలు ఆమె లేకుండానే కదిలి వెళ్ళిపోతుంది.

నేను చదవడం అయ్యేసరికి పెద్దమ్మ చేతులు పైకెత్తి "స్తోత్రం!" అంది. గది మొత్తం స్తోత్రం అంది. పక్కింటామె అమ్మను కౌగిలించుకుంది. ఇన్ని వారాల ప్రార్థనకు జవాబు వచ్చిందని ఒకామె పాట ఎత్తుకుంది. ఆ పాట మధ్యలో అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"వాడు ఎట్ల మారినాడో రాసిండారా?"

"లేదక్కా."

"ఇంట్లో నుంచి టేసనుకు వచ్చేలోపల ఏమైందంట?"

"ఏమీ రాయలేదు. ఇంతే ఉంది."

"మళ్ళా చూడు."

మళ్ళీ చూశాను. ఆమె కూడా వంగి, తనకు రాని అక్షరాల మీద వేలు పెట్టి, ఆ అర పేజీని పై నుంచి కిందికి చూసింది.

ఆ రచయిత మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. చీరలు మడత పెట్టడానికి ఒక పేజీ ఇచ్చాడు. పప్పుకు, తాళానికి, వానకు చోటిచ్చాడు. ఒక మనిషి కొట్టడం మానేయడానికి మాత్రం ఒక వాక్యం కూడా ఖర్చు పెట్టలేదు. చోటు లేదేమో. వెనక సీరియల్ కాచుకుని ఉంది కదా. చిన్న కథతో నా గొడవంతా ఇదే. అంత ఓపికగా మనల్ని ఒక ఇంట్లోకి పిలుచుకుపోయి, తీరా అసలు సంగతి వచ్చేసరికి తొందరపడతారు. తొందరలో ఏదో ఒకటి మంచిగా చెప్పేసి తలుపేస్తారు. మేము తోక లేని కథల్ని చూసి అయ్యో అనుకునేవాళ్ళం. తోకలన్నీ చూశాక, వాటిలో చాలా వాటికి లేకపోవడమే మేలు అనిపించింది.

అందరూ వెళ్ళాక మా ఇంట్లో యుద్ధం జరిగింది.

"ఎవడో ముక్కూమొగం తెలియనోడు అచ్చేసిండే కాగితం," అన్నాడు నాయన. "దాన్ని చూసి బిడ్డని తోలుతావా?"

"కాగితం కాదు. ప్రార్థనకు జవాబు."

"జవాబు కావాలంటే నీ బిడ్డని అడుగు. అదో, ఈడనే కూచోనుండాది."

"సంఘమంతా విన్నారు గదా! ఇంక నేనేం చెప్పుకోను?"

నాయన తెల్లటి రాతి పొడి అంటిన చేతులతో తల పట్టుకుని, "నేను రోజూ రాళ్ళతో ఉంటాండా, నీకంటే అవే నయం," అన్నాడు. ఆయన అమ్మను అంత మాట అనడం నేను అదే మొదటిసారి వినడం.

అక్క మధ్యలో కల్పించుకుంది. "పోతాలే నాయనా. ఊరికే కొట్లాడుకోవాకండి."

"పోవాల్నని ఉందా నీకు?"

"ఉండేదేముంది. పోతా."

ఎక్కిందంటే పోను అంది. ఎక్కలేదు. మాట ప్రకారం వెళ్ళింది. వాదించడానికి ఆమె దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కోతలు మొదలు కాకముందే అమ్మే తీసుకెళ్ళి దింపి వచ్చింది. ఆ ఆదివారం గుడిలో లేచి నిలబడి, నా బిడ్డ కాపురం ప్రభువు చక్కబెట్టినాడని సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాయన ఆ రోజు గుడికి రాలేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఏ సంగతీ తెలియలేదు. తెలియకపోతే బాగున్నట్టే అనేది అమ్మ. ఎండలు ముదిరాక, సంజామల నుంచి మహానందికి కూలి పనికి వెళ్తూ మా ఇంట్లో నీళ్ళు తాగిన ఒకామె, "మీ పిల్లకు వినపడదంట గదా పాపం," అని చెప్పి వెళ్ళింది. అమ్మ నమ్మలేదు. నన్ను చూసి రమ్మంది. బొరుగులు, బెల్లం మూటగట్టి ఇచ్చింది. నేను అలవాటు కొద్దీ ఒక పత్రిక కూడా సంచిలో పెట్టుకున్నాను.

అక్క పెరట్లో బట్టలు ఉతుకుతూ ఉంది. నేను ఎడమ పక్క నుంచి వెళ్ళాను. "అక్కా" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. చెయ్యి పట్టుకుంటే అదిరిపడి, ముందు మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నన్ను చూసింది.

"ఈ పక్కకు రా," అంది. "ఈ చెవి పని చెయ్యదు."

"ఏమాయ?"

"ఏముంది. ఒక్క దెబ్బే." ఒక్కటే కాబట్టి చెప్పుకోవాల్సింది కాదు అన్నట్టు అంది.

వాళ్ళత్త గడపలో కూచుని, "పిలిస్తే పలకదు, మీయక్కకు పొగరు ఎక్కువైంది," అంది నాతో. నేను ఆమెకు బొరుగుల మూట ఇచ్చాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

మధ్యాహ్నం కొట్టం వెనక కూచున్నాం. నేను పత్రిక తీశాను. మెల్లగా చదివితే ఆమెకు అందడం లేదు. గట్టిగా చదివితే అత్త వింటుంది. రెండు పేరాలు అటూ ఇటుగా చదివాక అక్క నా చేతిలోంచి తీసుకుని మూసేసింది.

"పెట్టుకో. బస్సుకు టైమైతాంది," అంది.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. శుక్రవారం కూటంలో అంశాలు చెప్పే వేళ, అమ్మ చెబుతుందేమో అని చూశాను. గేదె గురించి అయింది, జ్వరం గురించి అయింది. అప్పుడు నేనే చెప్పాను.

"మా అక్కను మా బావ కొట్టినాడు. ఒక చెవి పోయింది. ఆమె కోసరం ప్రార్థన చేయండి."

ఎవరూ ఏడవలేదు. ఒకామె చాప అంచు సర్దుకుంది. పక్కింటామె పైకప్పు చూసింది. పెద్దమ్మే మాట్లాడింది.

"ఇంటి సంగతులు ఇంట్లో పెట్టుకోవల్ల పాపా. ఇంతమందిలో ఎందుకు?"

"టేసన్లో ఆమెకైతే ఇంతమందీ చేసినారు గదా పెద్దమ్మా."

"మే, నోరు!" అంది ఎవరో వెనక నుంచి.

పెద్దమ్మ నా వైపు కాకుండా అమ్మ వైపు చూసింది. ముగింపు పాట ఎత్తుకోమని చెప్పింది. అమ్మ పాడలేదు. లేచి, దీపం వత్తి సరిచేసి, అందరూ వెళ్ళేదాకా తలుపు దగ్గర నిలబడింది. మర్నాడు శెట్టమ్మ ఇంటికి పనికి పోలేదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు నాయనతో కలిసి సంజామల వెళ్ళింది.

సాయంత్రానికి అక్కను తీసుకుని వచ్చారు. వాళ్ళెవరూ అడ్డం చెప్పలేదంట. వేరే పిల్లను అప్పటికే చూసుకున్నారు. అమ్మ ఆ రోజు నుంచి కూటం మా ఇంట్లో వద్దంది. ఎందుకని పాస్టరు అయ్యగారు మనిషిని పంపితే, ఇల్లు ఇరుకు అని చెప్పి పంపేసింది.

నాకు తర్వాత నంద్యాలలో పెళ్ళయింది. ఇక్కడ వారపత్రికలు అద్దెకిచ్చే అంగడి ఉంది, పేజీలన్నీ ఉంటాయి. ఇప్పుడూ కథ మొదలుపెడితే నాకు అదే సంతోషం. ఎవరిదో వంటిల్లు, ఎవరిదో దగ్గు. పని మధ్యలో పొయ్యి దగ్గర నిలబడే చదువుతాను, అన్నం మాడబెట్టి తిట్లు తిన్న రోజులున్నాయి. కానీ పైకి చదవడం పోయింది. ఆ ఏడే పోయింది. అక్క తిరిగి వచ్చిన కొత్తలో, ఆమె మొహంలో మళ్ళీ ఆ కదలిక చూడాలని ఎన్నో మధ్యాహ్నాలు పత్రిక తీసుకుని ఇంటి ముందు కూచున్నాను. అక్క శనక్కాయల గంప తెచ్చుకుని నా పక్కనే కూచునేది. దూరంగా పోయేది కాదు, వద్దని కూడా అనేది కాదు. నేను పేజీ తిప్పగానే మాత్రం లేచి, గంప ఇటు నుంచి అటు మార్చుకుని, వినపడని చెవి నా వైపు ఉండేలా కూచునేది.